తలుపు బయట నాలుగు నిమిషాలు

మా బావ గొంతు ఎలా ఉంటుందో తెలిసినవాళ్ళు ఇప్పుడు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమంది మిగిలారు. ఆయన మొహం తెలియనివాళ్ళూ అంతమందే. ఈ రెండు వాక్యాలతో ఆయన జీవితం చెప్పడం అయిపోయినట్టే గానీ, ఆ మాట ఆయన దగ్గరంటే ఊరుకోడు. "నలభై ఏళ్ళు ప్రెస్సులో ప్రూఫులు దిద్దిన బుద్ధి ఎక్కడికి పోతుందిరా నీకు, మనిషి కనిపిస్తే చాలు కొట్టేసి పొట్టిచేస్తావు" అంటాడు. అందుకని కాస్త వివరంగానే రాస్తాను.

బావ మందుల షాపుకి వెళ్తాడు. షాపాయన చూడగానే లేచి నిలబడతాడు, కుర్చీ తుడుస్తాడు. బావ నోరు తెరిచి రక్తపోటు మాత్రలు కావాలంటాడు. అంతే, షాపాయన మొహంలోకి జాలి వచ్చేస్తుంది.

"గొంతు పట్టేసినట్టుంది సార్. ఆ మందు కూడా ఇమ్మంటారా?"

"నా గొంతు ఇదేనయ్యా."

"అలాగే సార్. రెండు పూటలా ఆవిరి పట్టండి, అదే వచ్చేస్తుంది."

ఆ షాపుకి ఆయన పదిహేనేళ్ళుగా వెళ్తున్నాడు. పదిహేనేళ్ళుగా ఆయనకి గొంతు పట్టేసే ఉంది.

సంగతేమిటంటే, మా బావ నూటపాతిక సినిమాల్లో తండ్రిగా, జడ్జిగా, డాక్టరుగా, ఇంటర్వెల్‌కి ముందే చనిపోయే పెద్దమనిషిగా వేశాడు. ఒక్కదాంట్లోనూ ఆయన గొంతు లేదు. తెర మీద ఆయన పెదవులు కదిలినప్పుడల్లా వినపడేది మరొకాయన మాట. నాటకాల్లో గొంతుతోనే పేరు తెచ్చుకున్న మనిషికి ఇలా ఎందుకు జరిగిందో చెప్పాలంటే నీటి సరఫరా ఆఫీసు దగ్గర మొదలుపెట్టాలి.

ఆ ఆఫీసులో బావ ఫిర్యాదుల కిటికీ దగ్గర గుమాస్తా. కుళాయి రావడం లేదని జనం మెట్ల దాకా వరస కట్టేవాళ్ళు. కిటికీ ముందు నిలబడ్డ మనిషికి బావ చెప్పే జవాబు మెట్ల మీద చివరివాడికి కూడా స్పష్టంగా వినపడేది. "ఎల్లుండి వస్తుందమ్మా" అనగానే సగం వరస విడిపోయి ఇంటికి వెళ్ళిపోయేది, తమ జవాబూ అదేనని తెలిసిపోయి. ఆఫీసు వార్షికోత్సవానికి వేసిన నాటకంలో ఆయన్ని చూసిన ఓ నాటక సమాజం వాళ్ళు వెంటపడి తీసుకుపోయారు. అక్కడ జైలరు వేషం ఇచ్చారు. చివరి అంకంలో ఆ జైలరు వీపు ప్రేక్షకులకి పెట్టి, గోడవైపు చూస్తూ మాట్లాడాలి. మైకు లేదు. వీపు తిప్పుకుని మాట్లాడినా ఆఖరి బెంచీవాడికి ప్రతి అక్షరం అందేది. ఆ వీపు కోసం ఊళ్ళకి ఊళ్ళు పిలిచేవి.

ఇంట్లో సాధన నాతోనే. ముందుగదిలో మడతకుర్చీ వేసుకుని నేను నాటకం పుస్తకం పట్టుకునేవాణ్ణి. ఖైదీ మాటలు, ఖైదీ తల్లి మాటలు, జవాను మాటలు అన్నీ నావే. నేను మామూలుగా చదివేవాణ్ణి, ఆయన ఆడేవాడు. వంటగదిలోంచి మా అక్క, అంటే ఆయన భార్య, "ఖైదీని ఉరి తీసేస్తే భోజనాలు వడ్డిస్తాను" అనేది.

ముప్ఫై ఏడో ఏట సినిమా పిలుపు వచ్చింది. హీరోకి తండ్రి. ఆ హీరో బావకన్నా రెండేళ్ళు పెద్ద. బావ జుట్టుకి తెల్లరంగు, హీరో జుట్టుకి నల్లరంగు వేసి సరిపెట్టారు. షూటింగులో మాటలన్నీ ఈయనే చెప్పాడు, మెట్ల చివరిదాకా వినపడేట్టు. అయితే అప్పట్లో సినిమాకి ఆ మాటలు పనికిరావు. తీసిన బొమ్మని తర్వాత ఓ మూసిన గదిలో తెర మీద వేస్తారు, పెదవుల కదలికకి సరిగ్గా సరిపోయేట్టు మైకు ముందు నిలబడి మళ్ళీ చెప్పాలి. డబ్బింగు అనేది దాన్నే.

దానికోసం ప్రొడక్షన్ మేనేజరు ఆఫీసు కిటికీకే వచ్చాడు, వరసలో నిలబడి మరీ.

"రేపు పొద్దున డబ్బింగు సార్."

"రేపటినుంచి మూడు రోజులు పక్క ఊళ్ళో జైలరు ఉంది. మాటిచ్చాను."

"రిలీజు తేదీ వేసేశాం సార్."

"మూడు రోజులాగితే కొంప మునగదులేవయ్యా."

వాళ్ళు ఆగలేదు. కొంప మునిగింది.

మొదటి ఆట చూడ్డానికి ముగ్గురం వెళ్ళాం. తెర మీద బావ మెట్లు దిగి వచ్చి నోరు తెరిచాడు. లోపలినుంచి ఇంకెవరో మాట్లాడారు. లోతైన, మెత్తటి గొంతు, నూతిలోంచి తోడిన చల్లటి నీళ్ళలాంటిది. అక్క ఇటు తిరిగి "ఎవరండీ అది, మీ నోట్లో?" అంది. సినిమా వందరోజులు ఆడింది. బయటికొస్తూ జనం ఒకటే మాట: తండ్రి వేషం బాగుంది, ఆ గొంతు మరీ బాగుంది.

ఇక ఆ గొంతు ఆయన్ని వదల్లేదు. ఆ గొంతు ఎవరిదో పేరు తెరమీద వేసేవాళ్ళు కాదు గనక, మేం ఇంట్లో గొంతాయన అనేవాళ్ళం. కొత్త సినిమా ఒప్పుకునేటప్పుడల్లా బావ ముందే చెప్పేవాడు, డబ్బింగు నేనే చెప్తానని. నిర్మాత చేతులు పట్టుకుని మీరు కాక ఇంకెవరు చెప్తారు సార్ అనేవాడు. షూటింగు అయిపోయేది. కబురు వచ్చేది కాదు. ఈయన ఫోను చేస్తే స్టూడియో ఖాళీ లేదనేవాళ్ళు, ఇంకోసారి ఇంజనీరుకి జ్వరమనేవాళ్ళు, మరోసారి మీకు శ్రమెందుకని మేమే కానిచ్చేశామనేవాళ్ళు. బావ ఒంటికాలి మీద లేచేవాడు. నన్ను కూచోబెట్టి ఉత్తరం రాయించేవాడు. "గట్టిగా రాయి" అనేవాడు. నేను రాసింది చదివి "ఇది పెళ్ళిపిలుపులా ఉందిరా" అని చింపేసేవాడు. ఆయన చెప్పింది రాస్తే అక్క చింపేసేది. మూడో కాగితం పోస్టులో పడేది. అన్నేళ్ళలో ఒకే ఒక్క నిర్మాత జవాబు రాశాడు: "మీ గొంతంటే మాకు ప్రాణం. అందుకే ఎంత కష్టమైనా ప్రతిసారీ ఆయన చేతే చెప్పిస్తున్నాం."

ఆ ఉత్తరం బావ దాచుకున్నాడు. ఎందుకు దాచుకున్నావంటే చెప్పడు.

ఓ సంఘం వాళ్ళు ఉత్తమ సహాయనటుడని సన్మానం చేశారు. సన్మానపత్రంలో ఆయన నడక గురించి ఒక వాక్యం, చూపు గురించి ఒక వాక్యం, మిగతా పేజీ అంతా గంభీరమైన కంఠం గురించి. దాన్ని చదువుతున్నంతసేపూ బావ వేదికమీద పళ్ళు బిగించి కూచున్నాడు. తర్వాత ఆయన చేతికి మైకు ఇచ్చారు. "అందరికీ నమస్కారం" అన్నాడు. హాల్లో గుసగుస మొదలైంది. ముందువరసలో ఓ పెద్దావిడ తన పక్కనున్నాయనతో "పాపం, జలుబు చేసినా వచ్చాడు చూడండి" అంది. బావకది వినపడింది. ఆయనకి చెవులు కూడా మెట్ల చివరిదాకా పనిచేస్తాయి.

అసలు దెబ్బ నాటకం దగ్గర తగిలింది. సినిమా మొహం కదా అని జైలరుకి జనం విరగబడి వచ్చేవాళ్ళు. ఈయన నోరు తెరవగానే వెనకనుంచి ఎవడో ఒకడు "గొంతేదీ" అని అరిచేవాడు. చివరికి నాటకాలు ఆడించే కాంట్రాక్టరు ఇంటికొచ్చి, మడతకుర్చీలో కూచుని, నీళ్ళు నమిలి నమిలి బయటపెట్టాడు. తెరవెనక మైకు పెట్టి ఆ గొంతాయన్ని కూచోబెడతాడట. బావ ఊరికే పెదవులు కదిపితే చాలట.

"ఎలాగూ ఆ సీనులో మీరు వీపు పెడతారుగా సార్. పెదవులు కదపకపోయినా నడుస్తుంది."

బావ లేచి ఆయన కూచున్న కుర్చీ మడిచేశాడు. ఆయన ఇంకా పూర్తిగా లేవకుండానే.

అక్కడితో నాటకం ఆగిపోయింది. నాకు కాంట్రాక్టరు మీద ఎంత విసుగో బావ మీదా అంతే. ఆ మొదటి మూడు రోజులూ మాట తప్పి ఉంటే పోయేదిగా అని ఓసారి అన్నాను. "ఆ రోజు జైలరు ఆడకపోతే ఈ రోజు నాకు గొంతుందని నాకెలా తెలిసేది?" అన్నాడు. ఇలాంటి మనిషితో ఏం మాట్లాడతాం? తలప్రాణం తోకకొస్తుంది.

డెబ్బై ఆరో ఏట, వేషాలు రావడం దాదాపు మానేశాక, ఓ డైరెక్టరమ్మాయి వచ్చింది. ముప్ఫై ఏళ్ళుంటాయేమో. చెప్పులు గుమ్మంలోనే వదిలి, సరాసరి విషయానికొచ్చింది. చిన్నప్పుడు వాళ్ళ నాన్న ఆమెని జైలరు నాటకానికి తీసుకెళ్ళాడట. ఆఖరి బెంచీలో కూచున్నారట.

"మీ మొహం కనపడలేదు సార్. మాట మాత్రం వినపడింది. నాకు ఆ మాట కావాలి."

బావ నావైపు చూశాడు. వింటున్నావా అన్నట్టు.

కథలో ఆయన గడియారాలు బాగుచేసే ముసలాయన. కూతురితో ఎప్పుడూ పొడిపొడిగా మాట్లాడే తండ్రి. చివర్లో కూతురు అలిగి గదిలోకెళ్ళి తలుపేసుకుంటుంది. ఈయన తలుపు బయట నిలబడి, తన ముప్ఫై ఏళ్ళ తప్పులన్నీ ఒప్పుకోవాలి. నాలుగు నిమిషాలు, మధ్యలో కెమెరా ఆపకుండా, ఒకే బిగిన.

"డబ్బింగు..." అన్నాడు బావ.

"మీరే సార్. కాగితం మీద రాసిస్తాను." రాసిచ్చింది కూడా.

సాధన మొదలైంది. మళ్ళీ మడతకుర్చీ, మళ్ళీ నేను. అయితే ఈసారి నా వంతు మాటలేం లేవు, తలుపులాగా కూచోవాలి. రెండు రోజులు చూసి, నేను తలుపుగా పనికిరానని తేల్చాడు. అసలు తలుపే కావాలన్నాడు. ఇంట్లో లోపలినుంచి గడియపడే తలుపు స్నానాలగదిదే. అక్క స్నానానికి వెళ్ళడం, ఈయన బయట నిలబడటం. వారంరోజులు చూసి అక్క తల తుడుచుకుంటూ బయటికొచ్చి నాతో అంది: "రోజూ పొద్దున్నే తలుపవతల నిలబడి క్షమించమంటున్నాడురా. దేనికో చెప్తే క్షమించేద్దును. చెప్పడు. అదంతా సినిమాలో ఉందంటాడు."

ఆ మాటలు నేనూ నడవాలో నిలబడి విన్నాను. అంత పెద్ద గొంతుని ఆయన ఎలా అణిచాడో తెలియదు. మెట్ల చివరికి వెళ్ళే మాటని ఒక చెక్క మందానికి సరిపోయేంత చేశాడు. డెబ్బై ఆరేళ్ళలో అక్కడక్కడా జీర పడింది. ఆ జీరని కూడా దాచుకోలేదు, వాడుకున్నాడు.

షూటింగు అయింది. డబ్బింగుకి నిజంగానే పిలిచారు. మూడు రోజులు వెళ్ళాడు. మూడో సాయంత్రం ఇంటికొచ్చి చెప్పులు విప్పి, ఏమీ మాట్లాడకుండా రెండుసార్లు అన్నం వడ్డించుకున్నాడు. అక్క నావైపు చూసి కళ్ళతోనే నవ్వింది. ఆయన చెప్పినా అంత నమ్మేవాళ్ళం కాదు.

పది రోజులకి డైరెక్టరమ్మాయి ఫోను. నిర్మాత సినిమాని కొనేవాళ్ళకి వేసి చూపించాడట. వాళ్ళంతా ఒకటే మాట: ఆయనకి ఆ గొంతు అతకలేదు, ఎవరిదో పెట్టినట్టుంది, హాల్లో ఈలలేస్తారు. నిర్మాత గొంతాయన్ని పిలిపించాడు. ఎల్లుండి పొద్దున పదింటికి. సినిమా మొత్తం, తలుపు సీను కూడా. ఆ అమ్మాయి ఏడ్చిందట, పోట్లాడిందట, రాసిచ్చిన కాగితం చూపించిందట. కాగితం మీద సంతకం నీది కదమ్మా, నాది కాదుగా అన్నాడట నిర్మాత.

బావ ఫోను పెట్టేసి, గోడవైపు తిరిగి పడుకున్నాడు. తిట్టలేదు. ఉత్తరం రాయమనలేదు. నాకు భయం వేసింది అందుకే. ఎన్నాళ్ళో ఆయన తిట్లకి విసుక్కున్నాను, ఆ రోజు ఒక్క తిట్టు తిడితే బాగుండుననిపించింది.

మర్నాడు మధ్యాహ్నం తలుపు కొట్టారు. తీస్తే బక్కపల్చటి మనిషి. ఎండలో కూడా మెడకి ఉన్ని గుడ్డ చుట్టుకున్నాడు, చేతిలో వేడినీళ్ళ ఫ్లాస్కు. "ఉన్నారా?" అన్నాడు. ఆ ఒక్క మాటకే నా ఒళ్ళు జల్లుమంది. మా బావ నూటపాతిక సినిమాల్లో అడిగిన "ఉన్నారా" అది.

వంటగదిలోంచి అక్క కేకేసింది, "ఆ టీవీ కట్టేయరా, మీ బావ చూస్తే ఇంకా బాధపడతాడు."

గొంతాయన తలొంచుకున్నాడు. "టీవీ కాదమ్మా, నేనే."

దాదాపు నలభై ఏళ్ళలో ఆ ఇద్దరూ ఎదురెదురుగా కూచోవడం అదే మొదలు. షూటింగు ఒకరిది, చీకటిగది ఇంకొకరిది, కలిసే పని లేదు. ఓసారి స్టూడియో నడవాలో ఎదురైతే బావ వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడట. ఇప్పుడు లేచి కూచున్నాడు గానీ చూపు కిటికీవైపే.

"రేపటికి దీవెనలు కావాలా?" అన్నాడు.

"అన్నగారూ, ముందు నా మాట వినండి."

"మీ మాట వినక చస్తానా. దేశమంతా వింటోంది."

గొంతాయన ఫ్లాస్కు మూత విప్పి ఓ గుక్క తాగాడు. "దేశమంతా వింటోంది, నిజమే. నేను ఫోనులో మాట్లాడితే అవతలివాళ్ళు ఏమంటారో తెలుసా? మీరు ఆయన్ని భలే అనుకరిస్తున్నారండీ అంటారు. మా మనవరాలు స్కూల్లో చెప్పింది, సినిమాలో ఆ తాత మాట్లాడేది మా తాత మాటే అని. టీచరు అబద్ధాలు ఆడకూడదని బెంచీ ఎక్కించింది. ఇంటికొచ్చి నన్నడిగింది, తాతా, అబద్ధమా అని."

బావ చూపు కిటికీమీంచి ఆయన మీదికి వచ్చింది. "మందుల షాపాయన నన్ను ఆవిరి పట్టమంటాడు" అన్నాడు బావ. గొంతాయనకి నవ్వొచ్చింది. సినిమాలో మా బావ నవ్వు.

"ఆ తలుపు సీను నాకు పంపారు, చూసుకుని రమ్మని" అన్నాడు. "ఇన్నేళ్ళుగా మీ మూతి చూస్తున్నాను. ప కారం వస్తే కింది పెదవి ముందే బిగిస్తారు. అబద్ధం చెప్పే మాట దగ్గర ముక్కుతో ఊపిరి తీస్తారు. అమ్మగారికన్నా నాకే బాగా తెలుసు మీ ఊపిరి. ఈ సీనులో మీరు ఊపిరెక్కడ తీశారో నాకు దొరకలేదు. ఆరుసార్లు చూశాను. ఏడోసారి చూడటం మానేసి కళ్ళు మూసుకుని విన్నాను. ఆ నాలుగు నిమిషాలూ నేను చెప్పకూడదు."

"అయితే చెప్పకండి."

"నేను మానేస్తే ఇంకొకణ్ణి పిలుస్తారు. వాడికి మీ పెదవే తెలియదు. అందుకని వెళ్తాను. వెళ్ళి చెప్తాను. కుదరదు."

"మీకా? కుదరకపోవడమా?" బావ కుర్చీలో ముందుకి జరిగాడు. "రెండో టేకు ఎరగరని చెప్పుకుంటారు మీ గురించి. ఎవరు నమ్ముతారు?"

"వయసండీ. వయసైపోయిందంటే ఎవరైనా ఇట్టే నమ్ముతారు."

బావకి అప్పటికి అర్థమై, మొహం ఎర్రబడింది. "నాకోసం మీ పేరు చెడగొట్టుకోనక్కర్లేదు. నాకెవరి దయా వద్దు."

"నాకు పేరెక్కడుంది అన్నగారూ, చెడిపోవడానికి?"

అక్క టీ తెచ్చింది. ఆయన వద్దని ఫ్లాస్కు చూపించాడు. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి, "ఆ మొదటి సినిమాకి నన్ను పిలిచినప్పుడు మీరు ఊళ్ళో లేరని చెప్పారు. తిరిగొస్తారని చెప్పలేదు" అన్నాడు. బావ తల ఊపాడు.

మర్నాడు బావ నన్ను పంపించాడు. "నేను వెళ్తే వాణ్ణి తిడతాను, నువ్వెళ్ళు. నీకు తిట్టడం రాదు" అన్నాడు. వాడంటే నిర్మాత.

డబ్బింగు గదికి ఓ పక్క అద్దం. అద్దానికి ఇవతల సౌండ్ ఇంజనీరు, నిర్మాత, డైరెక్టరమ్మాయి, ఓ మూల నేను. అవతల గొంతాయన, మైకు, తెర. మధ్యాహ్నానికల్లా సినిమాలో తక్కినదంతా చెప్పేశాడు, నీళ్ళు పోసినంత తేలిగ్గా. డైరెక్టరమ్మాయి గోళ్ళు కొరుకుతూ నేలచూపులు చూస్తోంది. తర్వాత తలుపు సీను వేశారు.

మొదటిసారి మొదటి మాట అర అక్షరం ముందు పడింది. ఇంజనీరు "మళ్ళీ" అన్నాడు. రెండోసారి మొదలు సరిపోయింది, చివర బావ పెదవులు మూసుకున్నాక ఓ అక్షరం మిగిలింది. మూడోసారి మధ్యలో తప్పింది. గొంతాయన ఫ్లాస్కు మూత తీస్తాడు, ఓ గుక్క తాగుతాడు, క్షమించండి బాబూ అంటాడు, మళ్ళీ నిలబడతాడు. సాయంత్రం ఆరైంది. పందొమ్మిది సార్లయింది. నాది అక్షరం తప్పు పట్టే వృత్తి. ఎక్కడ తప్పిందన్నది నేను చూస్తూనే ఉన్నాను. ఒక్కోసారి ఒక్కో చోట, ఎప్పుడూ అంతే కొలత, అర అక్షరం. అది తెలియక తప్పేవాడి తప్పు కాదు. అంత కచ్చితంగా తప్పాలంటే అంత కచ్చితంగా రావాలి.

ఇంజనీరు మైకు కట్టేసి నిర్మాతతో అన్నాడు, "పెద్దాయన పని అయిపోయింది సార్. పాపం, నోరు తడబడుతోంది."

"ఇంకొకళ్ళని పిలుద్దామా?"

"ఈయనకే పట్టు దొరకలేదు. ఇంకొకడొచ్చి ఈ మూతి అర్థం చేసుకోవాలంటే మూడు రోజులు పడుతుంది."

"మూడు రోజులా? రిలీజు తేదీ వేసేశాంగా." నిర్మాత తల పట్టుకున్నాడు. "పోనీ ఆ నాలుగు నిమిషాలకి వేషం వేసినాయనదే ఉంచేయండి. చివర్లోగా, ఎవడు పట్టించుకుంటాడు."

డైరెక్టరమ్మాయి గోడవైపు తిరిగింది. గొంతాయన అద్దానికి అవతల మెడగుడ్డ సరిచేసుకుంటున్నాడు. అద్దంలోంచి ఆయనకి మా మాటలు వినపడవు. మా పెదవులు మాత్రం కనపడతాయి. ఆయనకంతే చాలు. బయటికొచ్చాక ఇంజనీరు ఆయన భుజం తట్టి, ఇక విశ్రాంతి తీసుకోండి అన్నాడు. అలాగే బాబూ అన్నాడాయన. తర్వాత ఆయన్ని ఎవరూ పిలవలేదని విన్నాను.

సినిమా విడుదలైన రెండో రోజు మధ్యాహ్నం ఆటకి నలుగురం వెళ్ళాం. అక్క, బావ, ఆయన పక్కన గొంతాయన, చివర నేను. హాలు సగం నిండింది. సినిమా అంతా తెరమీద బావ గొంతాయన మాటలు మాట్లాడుతూనే ఉన్నాడు. బావ ప్రతి మాటకీ కుర్చీ చేతిని గిల్లుతున్నాడు. గొంతాయన నోట్లోనే గొణుగుతున్నాడు, "ఇక్కడ ఇంకొంచెం నిదానించాల్సింది" అని. ఇద్దరి మధ్యా నా ప్రాణం విసిగింది.

తలుపు మూసుకుంది. బావ దాని ముందు నిలబడ్డాడు. మాట వచ్చింది. జీర ఉన్న మాట, చెక్క మందానికి సరిపోయే మాట.

మా ముందువరసలో ఓ భార్యాభర్తలు. భర్త వెంటనే భార్య చెవిలో, హాలంతా వినపడేట్టు అన్నాడు, "ఇక్కడ గొంతు వేరే ఎవరిదో పెట్టారు. ఆయనది కాదిది."

బావ సీటులోంచి సగం లేచాడు. ఎందుకో మా ముగ్గురికీ తెలుసు. ముప్ఫై తొమ్మిదేళ్ళ ఉత్తరాలన్నీ ఆయన నోటిదాకా వచ్చేశాయి. అక్క ఆయన చొక్కా అంచు పట్టుకుని కిందికి లాగింది. ఈ లోపల గొంతాయన ముందుకి వంగి, మర్యాదగానే, "కాస్త చూడనివ్వండి బాబూ" అన్నాడు.

ఆ గొంతు వినగానే ముందాయన గిరుక్కున వెనక్కి తిరిగాడు. తెర వెలుగులో సగం లేచిన బావ మొహం కనపడింది. మాట ఆ మొహానిదేననుకున్నాడు. ఇంకెలా అనుకుంటాడు. "సార్, మీరా" అని చేతులు జోడించాడు. "అదే అంటున్నాను సార్. మీ గొంతు ఇంత బాగుంటే, ఈ సీనుకి వేరేవాళ్ళ చేత ఎందుకు చెప్పించారు?"

బావ నోరు తెరిచాడు. ఆయన నోరు తెరిస్తే ఏం వినపడుతుందో, దాని తర్వాత ఆవిరి సంగతి వస్తుందో రాదో నేను ఊపిరి బిగబట్టి చూస్తున్నాను.

భార్య తెరమీంచి కళ్ళు తిప్పకుండానే భర్త మోచేతిమీద ఒక్కటి వేసింది. "ఎవరు చెప్తే మీకెందుకండీ. ఊరుకోండి. నన్ను విననివ్వండి."

ఆయన ముందుకి తిరిగాడు. బావ నోరు మూసుకుని కూచున్నాడు. అక్క చొక్కా వదల్లేదు. ఇంకా రెండున్నర నిమిషాలుంది. గొంతాయన కళ్ళు మూసుకున్నాడు. మా ముందు ఆవిడ కొంగుతో ముక్కు తుడుచుకుంది.

"ఇదిగో, ఇక్కడ" అన్నాడు బావ గొంతాయన వైపు వంగి, బాగా చిన్నగా. "ఇక్కడ తీశాను ఊపిరి."